పర్మినెంట్ రంగు

ఆ రోజుల్లో, సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు పోయే రోడ్డు పక్కన జొన్నచేన్లకూ ఫ్యాక్టరీ గోడలకూ ఇంకా పోటీ నడుస్తున్న రోజుల్లో, మా పోతిరెడ్డిపల్లిలో డిగ్రీ అంటే బీకామే. మిగతావన్నీ బీకాంలో సీటు దొరకనివాళ్లు చదివేవని మావాళ్ల నమ్మకం. అటువంటి చోట పుట్టి నేను ఫ్యాషన్ మార్కెటింగ్ చదివాను. ఎందుకు చదివావని ఎవరైనా అడిగితే ఇన్నాళ్లూ నవ్వేసి ఊరుకునేదాన్ని. మొన్న పక్కింటి అమ్మాయి ఫోను పట్టుకుని వచ్చి, "ఆంటీ, ఫ్యాషన్ మార్కెటింగ్ చేస్తే ఏమేం ఉద్యోగాలొస్తయి?" అని అడిగినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. "మస్తు ఉంటయి బిడ్డా, ఆగు చాయ్ పెడత" అని వంటింట్లోకి పోయి, పాలు పొంగి పొయ్యి మీద పడేదాకా అలాగే నిలబడిపోయాను. ఆ పిల్లకు చెప్పలేని సంగతే ఇది. మీకైతే చెప్పవచ్చు, మీరు నన్ను కాస్త దయగా చూస్తారని ఆశ.

ఇంటర్మీడియట్‌లో నా మార్కులు ఎలా వచ్చాయంటే, వాటి గురించి ఎవరూ ఎత్తకపోవడమే మర్యాద అని ఇంట్లో అందరూ ఒక ఒప్పందానికి వచ్చారు. అప్పుడు హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కాలేజీవాళ్ల రంగుల పుస్తకం నా చేతికి దొరికింది. అట్ట మీద నల్లకోటు వేసుకున్న అమ్మాయి, చేతిలో ఫైలు, వెనకాల అద్దాల మేడ. లోపల ఆరో పేజీలో "ఇక్కడ చదివితే మీరు ఏం కావచ్చు" అని ఒక జాబితా. పెద్ద కంపెనీలకు బట్టలు ఎంపిక చేసే అధికారి కావచ్చు, బ్రాండ్ మేనేజర్ కావచ్చు, షోరూం అద్దాల వెనక బొమ్మలకు ఏం తొడగాలో చెప్పే నిపుణురాలు కావచ్చు, వచ్చే ఏడాది జనం ఏ రంగు కడతారో ముందే పసిగట్టే మనిషి కావచ్చు. (ఈ చివరిది నాకు తెగ నచ్చింది. నిజానికి మా ఊళ్లో వచ్చే ఏడాది ఎవరు ఏ రంగు కడతారో చదువుకోకుండానే చెప్పొచ్చు. పోయినేడు కట్టిందే.) ఆ ఆరో పేజీని నేను ఎన్నిసార్లు చదివానో, పుస్తకం ఎప్పుడు తెరిచినా దానంతట అదే అక్కడికి తెరుచుకునేది.

"దర్జీ పనికి డిగ్రీ ఏంది?" అన్నాడు నాయిన. ఆయనకు అదొక్కటే అనుమానం, అదే పెద్ద అనుమానం. అమ్మ తన మాటను గిన్నెలు గట్టిగా పెట్టి చెప్పింది. ఆ రోజు నా పక్కన నిలబడింది మా మామ ఒక్కడే. మామ అంటే అమ్మ తమ్ముడు, మా వెనక సందులోనే అత్తతో పాటు ఉండేవాడు. నన్ను పుట్టినప్పటి నుంచీ "కోడలా" అని పిలిచేవాడు. ఆయన ఆ రంగుల పుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సదువనియ్యి బావా. ఉత్త ఫ్యాషన్ గాదిది, అండ్ల మార్కెటింగ్ అని గూడ ఉన్నది. మార్కెటింగోళ్లు మా కంపెనీకి వస్తుంటరు. వాళ్లొస్తే గేటు కాడ వాచ్‌మన్ లేసి నిలవడ్తడు" అన్నాడు. మామ లోకాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర నుంచే కొలిచేవాడు. వాచ్‌మన్ ఎవరికి లేచి నిలబడతాడు, ఎవరిని బ్యాగు విప్పి చూపించమంటాడు అన్నదే ఆయన లెక్క. ఆయన బ్యాగు రోజూ విప్పి చూపించేవాడు. అందులో టిఫిన్ డబ్బా తప్ప ఏమీ ఉండేది కాదు.

ఇక్కడ మా ప్రాంతం గురించి ఒక మాట చెప్పాలి. పటాన్‌చెరు చుట్టుపక్కల మనిషికి పేరు కంటే ముందు పర్మినెంటా, కాంట్రాక్టా అన్నది ఉంటుంది. పెళ్లిచూపుల్లో "పిలగాడు ఏం సదివిండు" అని ఎవరూ అడగరు, "పర్మినెంటేనా" అని అడుగుతారు. మా మామ పనిచేసే నీళ్ల మోటార్ల ఫ్యాక్టరీలో పర్మినెంట్ వాళ్లకు లేత నీలం అంగీలు, సంగారెడ్డి నుంచి కంపెనీ బస్సు, క్యాంటీన్‌లో ఫ్యాను కింద బల్లలు. కాంట్రాక్టు వాళ్లకు మట్టిరంగు అంగీలు, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని వచ్చే ఆటో, క్యాంటీన్‌లో ఫ్యాను గాలి తగలని మూల. చేసే పని ఒకటే, తిరిగే మిషన్ కూడా ఒకటే. నేను డిగ్రీ ముగించేనాటికి మా మామ పదకొండేళ్లుగా మట్టిరంగులోనే ఉన్నాడు. పదేళ్లు దాటినవాళ్లను పర్మినెంట్ చేస్తారని ఏటా ఒక పుకారు పుట్టేది, ఏటా మామ దాన్ని మా ఇంటికి తెచ్చి అమ్మకు అప్పజెప్పి పోయేవాడు.

సరే, డిగ్రీ అయిపోయి ఇంటికొచ్చాను. వారం తిరగకుండా మా వాడకట్టు ఆడవాళ్లంతా జాకెట్టు గుడ్డలు పట్టుకుని వాకిట్లోకొచ్చారు. చీర ఫాల్ కుట్టమని ఒకరు, పీకో చేయమని ఒకరు. పట్నంలో ఫ్యాషన్ చదివిన పిల్ల చేతి కుట్టు ఊడదని ప్రచారం. మూడేళ్లలో మాకు కుట్టుమిషన్ చూపించింది బొమ్మలోనే. నాకు గుండీ కుట్టడం కూడా రాదు. ఆ మాట చెబితే, "మరి మూడేండ్లు ఏం జేసినవే?" అని అడిగింది ఒక పెద్దమ్మ. నిజంగా తెలుసుకోవాలని అడిగింది పాపం. వినియోగదారుడి మనస్తత్వం గురించి చదివానని చెప్పాను. ఆమె జాకెట్టు గుడ్డ మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది, ఆ తరువాత చాలాకాలం నేను కనిపిస్తే తల మీద కొంగు సర్దుకునేది, నాకేదో గాలి సోకిందన్నట్టు.

ఆరో పేజీ పట్టుకుని హైదరాబాద్‌లో నాలుగు నెలలు తిరిగాను. అద్దాల మేడలు నిజంగానే ఉన్నాయి, వాటి తలుపులు కూడా బాగా తుడిచి ఉన్నాయి. ఒక షోరూంలో చొక్కాలు మడతపెట్టే పని ఇస్తామన్నారు. (ఆరో పేజీలో మడతపెట్టడం లేదు కాబట్టి తలెత్తుకుని వచ్చేశాను. ఆ తల ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.) చివరికి దారి చూపించింది మళ్లీ మా మామే. "పటాన్‌చెరుల యూనిఫారాల దుకాణం ఉన్నది కోడలా. ఆ సేటుకు మార్కెటింగ్ చేసేటోళ్లు కావాల్నట" అని ఒక ఆదివారం నన్ను వెంటబెట్టుకుని పోయాడు.

ఆ సేటును బజారంతా థాన్ సేట్ అనేవారు. చంకలో ఎప్పుడూ ఏదో ఒక బట్టల తాను ఉండేది, మాట్లాడుతూ మాట్లాడుతూ దాన్ని చంటిపిల్లలా జోకొట్టేవాడు. నా సర్టిఫికెట్ దూరంగా పట్టుకుని చదివి, "ఫ్యాషన్ గీషన్ ఇంట్ల పెట్టి రా అమ్మా. మార్కెటింగ్ తెల్సు గద, బస్. కంపెనీలకు పోవాలె, శాంపిల్ చూపాలె, ఆర్డర్ తేవాలె" అన్నాడు. ఊరు నా డిగ్రీలోంచి ఫ్యాషన్ తీసుకుని మార్కెటింగ్ వదిలేస్తే, సేటు మార్కెటింగ్ తీసుకుని ఫ్యాషన్ వదిలేశాడు. మొత్తానికి డిగ్రీ అంతా ఖర్చయిందని తృప్తిపడి చేరిపోయాను.

ఆ దుకాణంలో నేను నేర్చుకున్న మొదటి మాటే నా కొంప ముంచింది. ఉతికితే వెలిసిపోయే రంగును సేటు "కచ్చా" అనేవాడు. ఎన్నిసార్లు ఉతికినా వెలవనిదాన్ని "పర్మినెంట్" అనేవాడు. "ఇది కచ్చా, ఇది పర్మినెంట్" అని పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర నుంచి దించేదాకా అదే పాట. నేను కూడా రోజుకు వందసార్లు ఆ మాట అనేదాన్ని. ఎంతగా అలవాటైందంటే, మా ఊళ్లో నా చిన్నప్పటి నుంచీ విన్న పర్మినెంట్ వేరు, దుకాణంలో పర్మినెంట్ వేరు అన్న సంగతే నా చెవి మరిచిపోయింది. చదువుకున్నవాళ్ల చెవులకు ఈ జబ్బు ఉంటుందని తరువాత తెలిసింది.

నేను తెచ్చిన మొదటి పెద్ద ఆర్డరు మా మామ ఫ్యాక్టరీదే. కాంట్రాక్టు వాళ్ల అంగీలు నాలుగు ఉతుకులకే ఏ రంగూ కాకుండా పోతున్నాయని మామ చెప్పగా, నేను కోటు లాంటిదొకటి వేసుకుని, ఆ ఫ్యాక్టరీలో మనుషుల వ్యవహారాలు చూసే అధికారి దగ్గరికి వెళ్లాను. ఎండాకాలంలో కూడా టై కట్టేవాడు కాబట్టి కార్మికులు ఆయన్ని టై సారు అనేవారు. నేను గేటులోకి వస్తుంటే వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. దూరంగా ఆటో దిగుతున్న మామ అది చూసి, పక్కనున్నవాళ్లకు కూడా చూపించాడు. నా జీవితంలో నేను సాధించినదాన్ని ఒకటి చెప్పమంటే ఇప్పటికీ అదే చెప్తాను.

చదువుకున్నదాన్ని కదా, ఊరికే రంగు ఎంచుకోలేను. ముందు వినియోగదారుడి అభిప్రాయం సేకరించాలి. గేటు బయట చాయ్ బండి దగ్గర నిలబడి అచ్చువేసిన కాగితాలు పంచాను. మొదటి ప్రశ్న, "మీ దుస్తులు మీ వ్యక్తిత్వాన్ని ఎలా ప్రతిబింబించాలని కోరుకుంటారు?" దానికి ఒకాయన, "జేబు జెర లోతుగ పెట్టమను మేడం, వంగితే బీడీకట్ట పడిపోతున్నది" అన్నాడు. మిగతావాళ్లంతా ఆయన జవాబే తమదని చెప్పారు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అందరూ విడివిడిగా నీలం అన్నారు. మా మామ కూడా, నేనెవరో తెలియనట్టు వరసలో నిలబడి, "నీలం రాసుకోండి మేడం" అన్నాడు. నేను నా నివేదికలో "నీలం పట్ల బలమైన అభిరుచి" అని రాశాను. ఎందుకు నీలం అని ఒక్కరినీ అడగలేదు. అడగాల్సిన పని లేదు కూడా, పదకొండేళ్లుగా మా ఇంట్లో వింటున్నదే. కానీ కాగితం మీద అభిరుచి అని రాసేసరికి అది నిజంగానే అభిరుచిలా కనిపించింది నాకు.

టై సారుకు ముదురు నీలం ముక్క చూపించాను. పర్మినెంట్ వాళ్లది లేత నీలం, ఇది ముదురు నీలం, రెండూ వేరు వేరని ఆయనా నేనూ ఒప్పుకున్నాం. "గ్రీజు మరక కూడా కనబడదు" అని ఆయన సంతకం పెట్టాడు. ఆ గదిలో ఏసీ ఉంది, పరదాలు ఉన్నాయి, అక్కడ నీలాలు రెండుగానే కనిపించాయి. షెడ్డులో నీలం అంటే ఒకటే నీలం.

అంగీలు పంచే రోజు నేను ఊరికే పంచి రావచ్చు. సేటు కూడా అదే చెప్పాడు, "ఇచ్చి సంతకాలు తీస్కొని రా అమ్మా, మీటింగులు పెట్టకు" అని. కానీ కొత్త సరుకును జనం ముందుకు ఎలా తేవాలన్న దాని మీద మాకు ఒక పేపరు ఉండేది, అందులో నాకు అన్నింటికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. (మిగతావాటిలో ఎన్ని వచ్చాయో ఇక్కడ అప్రస్తుతం.) షిఫ్టు మారే సమయానికి షెడ్డు ముందు అందరినీ నిలబెట్టించి, టై సారును పక్కన పెట్టుకుని, నేను సామాను తూచే కాటా పళ్లెం మీదికి ఎక్కాను. వెనక కంప్రెషర్ ఆగి ఆగి మోగుతోంది. నా గొంతు కొంత వినబడేది, కొంత దాని పాలయ్యేది.

"ఇన్నేండ్లు మీకు అన్యాయం జరిగింది" అని మొదలుపెట్టాను. నాలుగు ఉతుకులకు వెలిసే బట్టలిచ్చి అన్యాయం చేశారని నా ఉద్దేశం. బట్టల సంగతి చెప్పినప్పుడు కంప్రెషర్ మోగింది. "ఇయ్యాల్టి సంది మీరందరు నీలం అంగీలే" అన్నాను. అప్పుడు అది ఆగింది. "ఈ రంగు" అన్నప్పుడు మళ్లీ మోగింది. "పర్మినెంట్. గ్యారంటీ నాది" అన్నప్పుడు మళ్లీ ఆగింది. తరువాత చప్పట్లు మొదలయ్యాయి. అలాంటి చప్పట్లు నేను అంతకుముందు వినలేదు, తరువాత కూడా వినలేదు. వెనక వరసలో ఎవరో ఈల వేశారు. ముందు వరసలో ఒక ముసలాయన అంగీని కళ్లకద్దుకుని ఏడ్చాడు. బట్ట అంత బాగుందా అనుకుని నేను కూడా కాస్త కళ్లు తుడుచుకున్నాను. బీహార్ నుంచి వచ్చిన ఒకతను ముందుకొచ్చి, "మేడం, లెటర్ కబ్ మిలేగా?" అని, లెటర్ ఎప్పుడిస్తారని అడిగాడు. సేటు ప్రతి అంగీకి రంగు గ్యారంటీ చీటీ ఇస్తానని ముందే నాతో అన్నాడు, దాని గురించే అనుకుని, "ఏక్ హఫ్తే మే, సబ్‌కో మిలేగా" అని, వారంలో అందరికీ వస్తుందని, నాకు వచ్చిన హిందీలో ధైర్యంగా చెప్పాను. రెండోసారి చప్పట్లు మొదటిసారి కంటే గట్టిగా పడ్డాయి. టై సారు ఫోనులో మాట్లాడుతూ ఎప్పుడో లోపలికి వెళ్లిపోయాడు. నేను కాటా దిగి ఇంటికి వచ్చేశాను, బస్సులో దారి పొడుగునా ఆరో పేజీలో నాకు ఏ ఉద్యోగం సరిపోతుందా అని ఆలోచిస్తూ.

ఇంకా పొద్దు గుంకలేదు, మామ వచ్చాడు. ఒంటి మీద కొత్త నీలం అంగి, మడతల గీతలు కూడా పోలేదు. చేతిలో జిలేబి పొట్లం, వెనక అత్త కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. వాకిట్లోనే అమ్మను పిలిచి, "అక్కా, పర్మినెంట్ అయిన" అన్నాడు. అమ్మ చేతిలోని చాట కింద పెట్టేసి ఆయన్ని పట్టుకుని ఏడ్చింది. నాయిన అంగి చెయ్యి పట్టుకుని చూసి, "నీలమే" అన్నాడు, అదేదో ఆయన నిర్ధారించాల్సిన విషయమైనట్టు. మామ నావైపు తిరిగి, "నాకు ముందుగాల్నే ఒక్క మాట చెప్పలే గద కోడలా. ఇంత సంగతి కడుపుల దాసుకున్నవ్. అందర్ల నువ్వే చెప్పాల్నని దాసినవా?" అని నవ్వుతూ ఒక జిలేబి నా చేతిలో పెట్టాడు.

నాకు అప్పుడు అర్థమైంది. కాటా మీద నేనన్న ప్రతి మాటా వాళ్లు విన్న పద్ధతిలో మళ్లీ నా చెవిలో మోగింది. జిలేబి అంటే నాకు ప్రాణం, ఆ సంగతి తెలిసే ఆయన తెచ్చాడు. అది చేతిలోనే ఉండిపోయింది, పాకం మోచేతి దాకా కారింది. చేయి కడుక్కుంటానని వెనక్కి పోయి దాన్ని బర్రె కుడితి తొట్టిలో వేసి వచ్చాను.

అప్పుడే చెప్పాల్సింది. "మామా, నేనన్నది రంగు సంగతి" అంటే సరిపోయేది. నాలుగు మాటలు. అమ్మ మొహం చూసి చెప్పలేకపోయానని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇందరి ముందు ఆయన్ని చిన్నబుచ్చడమెందుకు, పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయి టై సారుతోనే మెల్లగా చెప్పిద్దామని కూడా అనుకున్నాను. ఇప్పుడు ఈ వయసులో దాచేదేముంది, అసలు కారణం ఆ చప్పట్లు. అవి నావి కావని ఒప్పుకోవడానికి నాకు మనసు రాలేదు. ఇంకొక్క పూట వాటిని నావిగానే ఉంచుకోవాలనిపించింది. మామ పోతూ పోతూ, "పొద్దుగాల కంపెనీ బస్సుకు పోత. ఆటో వద్దు" అన్నాడు. నేను సరేనన్నట్టు తల ఊపాను.

మొదటి షిఫ్టు ఆరింటికి. నేను తయారై, తొలి బస్సు పట్టుకుని పటాన్‌చెరు చేరేసరికి ఎనిమిదైంది. అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. కొత్త నీలం అంగీలవాళ్లు కంపెనీ బస్సులో కూర్చుంటే, పర్మినెంట్ వాళ్లు సగం మంది నిలబడి వచ్చారు. క్యాంటీన్‌లో ఫ్యాను కింది బల్లలన్నీ నిండిపోయాయి, వడ్డించేవాడికి ఎవరెవరో తెలియక అందరికీ రెండో ఇడ్లీ కూడా వేశాడు. ఇంతవరకు ఎవరికీ పెద్ద నష్టం లేదు. తరువాత అందరినీ మందలించి, మళ్లీ వాళ్ల మూలకు పంపేశారు. కానీ మా మామ ఇడ్లీ దాకా కూడా ఆగలేదు.

కూలీలను పెట్టే కాంట్రాక్టరు ఒకాయన ఉండేవాడు, ఎప్పుడూ నల్లద్దాలతో తిరిగేవాడు, అందరూ చష్మా అనేవారు. ఆయన గేటు దగ్గర నిలబడి అలవాటు ప్రకారం, "ఏయ్, ఇటు రా" అని మామను పిలిచాడట. మామ పోయాడు. పోయి, టిఫిన్ డబ్బా వాచ్‌మన్ చేతికిచ్చి, నెమ్మదిగా చెప్పాడట. "పదకొండేండ్ల సంది ఏయ్ అంటున్నవు. నాకు మావోళ్లు ఒక పేరు పెట్టిన్రు, నీకది తెల్వదు. మా నాయిన సచ్చిన నాడు రెండు గంటలు లేటొస్తే లోపటికి రానియ్యలే, గది యాదున్నదా? నాకు యాదున్నది. ఇగ నీకు నాకు ఏం లేదు. ఆ చష్మా తీసి జెర తుడుసుకొని సూడు, నేనెవల్నో." గొంతు పెంచలేదట. గేటు దగ్గర రెండు షిఫ్టులవాళ్లు నిలబడి విన్నారు. చష్మా నిజంగానే అద్దాలు తీశాడని, ఆ కళ్లు అందరూ అప్పుడే మొదటిసారి చూశారని వాచ్‌మన్ నాకు చెప్పాడు.

నేను టై సారు గదికి పరుగెత్తాను. తప్పంతా నాదని, ఆ మాట రంగు గురించని, వాళ్లు వేరేగా విన్నారని, కంప్రెషర్ అని, ఏదేదో చెప్పాను. ఆయన ఓపికగా విన్నాడు. "మీ బట్ట బాగుంది మేడం. మాటలే కొంచెం ఎక్కువయ్యాయి" అన్నాడు. మా మామను పనిలోంచి తీసేసిన సంగతి ఎత్తితే, అది కాంట్రాక్టరుకూ కూలీకీ మధ్య విషయమని, కంపెనీకి సంబంధం లేదని అన్నాడు. చష్మా దగ్గరికి కూడా వెళ్లి చేతులు జోడించాను. ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు, నావైపు చూశాడో లేదో కూడా తెలియలేదు. మామ బయట చాయ్ బండి దగ్గర నిలబడి ఉన్నాడు, టిఫిన్ డబ్బా విప్పకుండా. నేను దగ్గరికి పోయి, "మామా, నేనన్నది రంగు" అన్నాను. "చెప్పిన్రు లోపట" అన్నాడు. డబ్బా నావైపు జరిపి, "నువ్వు తిన్నవా ఏమన్న పొద్దున?" అని అడిగాడు.

ఆ తరువాత ఆ చుట్టుపక్కల ఏ గేటులోనూ మామకు పని దొరకలేదు. చష్మా మాట అన్ని గేట్లకూ పోయింది. కొన్నాళ్లు హమాలీ పని చేశాడు, తరువాత అమీన్‌పూర్‌లో అపార్ట్‌మెంట్లు లేచాక ఒకదానికి వాచ్‌మన్ అయ్యాడు. వచ్చే కార్లకు లేచి నిలబడే పని. ఫ్యాక్టరీలో మిగిలినవాళ్ల అంగీల చేతులకు ఇంకోసారి పొరపాటు జరగకుండా పసుపు పట్టీ కుట్టించమని టై సారు సేటుకు కబురు పెట్టాడు. అన్నింటికీ పట్టీ పడింది, మా మామ అంగికి తప్ప. రెండేళ్లకు, ఏటా పుట్టే ఆ పుకారు ఒకసారి నిజమైంది. పదేళ్లు దాటినవాళ్లలో కొందరిని పర్మినెంట్ చేశారు. మామతో పాటు చేరినవాళ్లు అందులో ఉన్నారు. ఆ కబురు మా ఇంటికి ఎవరూ మోసుకురాలేదు, నేనే బజారులో విన్నాను. విన్న రోజు దుకాణంలో తానులు విప్పుతూ ఒక్కదాన్నే ఏడ్చాను. సేటు చూసి, చంకలోని తాను జోకొడుతూ బయటికి పోయి నిలబడ్డాడు.

ఇప్పుడు సంగారెడ్డిలో నాకొక చిన్న దుకాణం ఉంది, బడిపిల్లల యూనిఫారాలు కుట్టిస్తాను. తల్లిదండ్రులు గుడ్డ నలిపి చూసి "మేడం, ఈ కలర్ పర్మినెంటేనా?" అని అడుగుతారు. నేను "వెలవదండీ" అంటానే తప్ప ఆ మాట పలకను. పనికి కొత్తగా చేరిన అమ్మాయిలు నాకేదో మొక్కు ఉందనుకుంటారు.

పక్కింటి అమ్మాయి వచ్చి అడిగిన మర్నాడే మామ దుకాణానికి వచ్చాడు. జుట్టంతా నెరిసింది, వాచ్‌మన్ పని కూడా మానేసి రెండేళ్లయింది. సంచిలోంచి ఆ నీలం అంగి తీసి, "గుండీ ఊడింది కోడలా, జెర సూడు" అన్నాడు. దాన్ని ఆయన పెళ్లిళ్లకు మాత్రమే వేసుకుంటాడు. ఇన్నేళ్లలో దాని గురించి మేమిద్దరం ఎన్నడూ మాట్లాడుకోలేదు. ఆ రోజు ఎందుకో, ముందు రోజు పొంగిన పాల వల్లనేమో, నేను ఆగలేకపోయాను. "మామా, నువ్వు జిలేబి తెచ్చిన నాడే నాకు తెల్సు. నువ్వు పర్మినెంట్ కాలేదని నాకు అప్పుడే తెల్సు. చెప్పలే" అన్నాను.

మామ స్టూలు మీద కూర్చుని, గాజు కౌంటరు మీద గీతలు గోటితో గీకుతూ, "నాకు తెల్వదా ఏంది? నువ్వు జిలేబి తినలే. బర్రెకేసినవ్. గోడ మీదికెల్లి సూసిన" అన్నాడు.

నేను సూదికి దారం ఎక్కించాను. ఎక్కించి, "మరి తెల్సి తెల్సి పొద్దుగాల గట్లెందుకన్నవు మామా చష్మాను?" అని అడిగాను.

"పూరా తెల్సని కాదు. తెల్సినట్టున్నది, తెల్వనట్టున్నది. అయినా అనేటియి అన్నీ పదకొండేండ్ల సంది నోట్లనే ఉన్నయి కోడలా. అంగి ఒంటి మీద ఉన్నప్పుడే అనాలె గద. సాయంత్రానికి ఇప్పమంటే ఇంకెప్పుడంటం?" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమో, నా బరువు దించడానికి అప్పటికప్పుడు అల్లిందో నాకు తెలియదు. ఎదుటివాడి మనసు చదవడం మీద మూడేళ్లు చదివినదాన్ని, ఎదురుగా కూర్చున్న సొంత మేనమామ మొహం చదవలేకపోయాను. నిజమైనా కాకపోయినా, నేను చెప్పాల్సిన నాలుగు మాటలు చెప్పని సంగతి మారదు. మామ కూడా మారుతుందని అనలేదు. గుండీ కుట్టడం మాత్రం ఈ ఇరవై ఏళ్లలో బాగా నేర్చుకున్నాను. దారం కొరికి, అంగి దులిపి ఇచ్చాను. ఆయన అక్కడే వేసుకుని అద్దంలో చూసుకున్నాడు. ఉతికి ఆరేసిన ఎండలకు భుజాల దగ్గర రంగు బాగా వెలిసిపోయింది. ఆ మాట ఇద్దరమూ ఎత్తలేదు.